'లైట్ తీస్కో' అనే ముందు

ఎక్స్‌టర్నల్ వైవా రోజున ల్యాబ్ బయట కారిడార్‌ని ఎప్పుడైనా గమనించారా? ఒకడు అప్పటికే మూడుసార్లు వాష్‌రూమ్‌కి వెళ్ళొచ్చి ఉంటాడు. ఇంకొకడి చేతి చెమటకి రికార్డు అట్ట మెత్తబడిపోయి ఉంటుంది. రాత్రంతా కూర్చుని యూనిట్లన్నీ తిరగేసిన అమ్మాయి, లోపలికెళ్ళాక తన రోల్ నంబరు చెప్పడానికే గొంతు పెగలక నిలబడిపోతుంది. బయటికొచ్చి కళ్ళు తుడుచుకుంటుంటే మనమందరం చుట్టూ చేరి ఇచ్చే సలహా ఒక్కటే. "దీనికే ఏడుస్తారా? లైట్ తీస్కో."

ఈ మాట నేనూ వందసార్లు అనుంటాను. పోయిన సెమిస్టర్ నుంచి మాత్రం అనబోయి ఆగిపోతున్నాను. ఎందుకో తర్వాత చెప్తాను. ముందు నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. లైట్ తీసుకోవడం అనే పని మన మెదడుకి చేతకాదు. ఉద్వేగాన్ని దారిలో పెట్టడానికి దానికి వేరే పద్ధతులున్నాయి. అందులో ఒకదానికి కావలసిన సామాను మన తెలుగులోనే బోలెడంత ఉంది. మనం దాన్ని అటక మీద పడేశాం.

ముందు ఒళ్ళు, తర్వాత మనం

మైక్రోప్రాసెసర్స్ పేపర్లో ఇంటరప్ట్ గురించి చదువుకున్నాం కదా. మెయిన్ ప్రోగ్రామ్ తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. ఇంటరప్ట్ వచ్చిందంటే ఉన్నదున్నట్టు ఆగి, ముందు దాని పని చూసి, తర్వాత మళ్ళీ ఆగినచోటికి వస్తుంది. భయం కూడా ఇంచుమించు ఇలాగే వస్తుంది. మెదడు లోపల రెండు పక్కలా బాదంగింజ ఆకారంలో ఒక చిన్న భాగం ఉంది. దాని పేరు అమిగ్డాలా. గ్రీకు భాషలో ఆ మాటకి అర్థం కూడా బాదమే. కళ్ళూ చెవులూ పంపే సమాచారం థాలమస్ అనే జంక్షన్‌కి చేరాక అక్కణ్ణుంచి రెండు దారులున్నాయి. ఒకటి పొడుగు దారి. అది కార్టెక్స్ మీదుగా, వివరాలన్నీ సరిచూసుకుంటూ వెళ్తుంది. రెండోది అడ్డదారి. అది నేరుగా అమిగ్డాలాకి పోతుంది. శబ్దానికి భయపడటం నేర్చుకున్న ఎలుకల మీద ఏళ్ళ తరబడి పనిచేసి జోసెఫ్ లెడూ అనే శాస్త్రవేత్త ఈ రెండు దారుల సంగతి వివరించాడు.

కరెంటు పోయినప్పుడు హాస్టల్ బాత్రూమ్‌లో కాలికి మెత్తగా ఏదో తగిలితే గెంతుతామా లేదా? అది బకెట్‌కి కట్టిన తాడు అని తెలిసేది గెంతిన తర్వాతే. తాడుని చూసి పామనుకోవడం గురించి మన వేదాంతులు ఎప్పుడో మాట్లాడారు. వాళ్ళ లెక్కలో అది భ్రాంతి. మెదడు లెక్కలో అది బేరం. పదిసార్లు తాడుని చూసి ఉత్తినే గెంతినా నష్టం లేదు. ఒక్కసారి పాముని చూసి గెంతకపోతే ప్రాణం పోతుంది.

అమిగ్డాలా గంట కొట్టగానే హైపోథాలమస్ అందుకుంటుంది. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల నుంచి క్షణాల్లో అడ్రినలిన్ బయల్దేరుతుంది. గుండె దడదడలాడుతుంది. నోట్లో తడి ఆరిపోతుంది. జీర్ణం సంగతి తర్వాత చూద్దాంలే అని రక్తం పొట్ట వైపు తగ్గి కండరాల వైపు మళ్ళుతుంది. వైవా ముందు కడుపులో తిప్పినట్టు ఉండటానికి ఇదీ ఒక కారణం. వెనకాల నెమ్మదిగా కార్టిసాల్ వస్తుంది. అది బాగా పెరగడానికి ఇరవై ముప్పై నిమిషాలు పడుతుంది. అంటే వైవా అయిపోయి మనం క్యాంటీన్‌లో సమోసా తింటున్నప్పుడు కూడా ఒంట్లో ఇంకా వైవానే నడుస్తూ ఉంటుంది. అక్కడ ఫ్రెండ్ వేసిన చిన్న జోక్‌కి కస్సుమన్నామంటే, ఆ కోపం నిజానికి వాడి మీద కాకపోవచ్చు.

మన పత్రికలో సాహిత్యం లేకపోతే ఎలా? భరతుడి నాట్యశాస్త్రంలో ఎనిమిది సాత్విక భావాలున్నాయి. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. మన భాషలో చెప్పుకుంటే కొయ్యబారడం, చెమట పట్టడం, ఒళ్ళు గగుర్పొడవడం, డగ్గుత్తిక పడటం, వణుకు, మొహం పాలిపోవడం, కన్నీళ్ళు, స్పృహ తప్పడం. వైవా కారిడార్‌లో ఎనిమిదోది తప్ప అన్నీ కనిపిస్తాయి! ఈ జాబితాని ఇవ్వాళ ఒక న్యూరాలజీ డాక్టరుకి చూపిస్తే, వీటిలో చాలావరకు అటానమిక్ నాడీవ్యవస్థ చేసే పనులేనని ఇట్టే గుర్తుపడతాడు. చెయ్యి ఎత్తమంటే ఎత్తగలం. చెమట పట్టకూడదని ఆర్డర్ వేస్తే చర్మం వినదు. అందుకే భరతుడు కూడా వీటిని కాళ్ళూ చేతులతో చేసే అభినయం నుంచి విడదీసి, మనసు లగ్నమైతే తప్ప రావన్నాడు. రమ్మంటే రానివి, వద్దంటే మాత్రం పోతాయా?

అలాగని అమిగ్డాలా విలన్ కాదు

రీల్స్ చూసి చాలామంది ఒక నిర్ణయానికి వచ్చేశారు. అమిగ్డాలా అంటే భయం బటన్, డోపమైన్ అంటే ఆనందం బటన్, అంతే. నిజం ఇంత సులువుగా లేదు.

అమెరికాలో ఒక మహిళ ఉంది. పరిశోధన పత్రాల్లో ఆమెని ఎస్.ఎమ్. అని మాత్రమే రాస్తారు. ఉర్బాక్-వీథే అనే అరుదైన జన్యువ్యాధి వల్ల ఆమె మెదడులో రెండు పక్కలా అమిగ్డాలా పాడైపోయింది. పాముల షాపుకి తీసుకెళ్తే దగ్గరికెళ్ళి ముట్టుకుంది. దయ్యాల కొంప సెట్ వేసిన చోట నవ్వుకుంటూ తిరిగింది. అబ్బ, ఎంత అదృష్టం అనిపిస్తోందా? ఆమె జీవితంలో కత్తితో, తుపాకీతో బెదిరించిన సంఘటనలున్నాయి. ప్రమాదాన్ని ముందే పసిగట్టి పక్కకి తప్పుకునే హెచ్చరిక ఆమెకి అందదు. భయం మనకి కాపలా కుక్క లాంటిది. ఒక్కోసారి అనవసరంగా మొరుగుతుంది నిజమే, కానీ అసలు మొరగని కుక్క ఉండి లాభం ఏంటి?

ఇంకో విచిత్రం 2013లో బయటపడింది. ఆమె చేత కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉన్న గాలి ఒక్కసారి పీల్పిస్తే ఊపిరాడనట్టయి గట్టిగా హడలిపోయింది. అమిగ్డాలా లేకపోయినా ఆ హడలు వచ్చింది. అంటే భయం మొత్తం ఒక్క గదిలో కాపురం ఉండదన్నమాట. ఒంటి లోపలి కబురు ఒక వైపు నుంచి, బయటి దృశ్యం ఇంకో వైపు నుంచి, పాత జ్ఞాపకం మరో వైపు నుంచి వస్తాయి. వీటన్నిటినీ కలిపి "ఇదీ సంగతి" అని మెదడు ఒక అర్థం కడుతుంది.

ఆ అర్థం కట్టడంలో అంచనాల పాత్ర పెద్దది. ఉల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతులకి పళ్ళరసం ఇస్తూ వాటి డోపమైన్ కణాలని గమనించాడు. అనుకోకుండా రసం దొరికితే ఆ కణాలు చురుగ్గా స్పందించాయి. వస్తుందని ముందే తెలిసిన రసానికి పెద్దగా స్పందించలేదు. వస్తుందనుకున్నది రాకపోతే మామూలు కంటే కూడా తగ్గిపోయాయి. అంటే అవి కొలిచేది రసాన్ని కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ మధ్య తేడాని. ఇది అర్థం కావాలంటే కోతులెందుకు, మన రిజల్ట్స్ రోజు చాలు. ఆరున్నర జీపీఏ వచ్చినందుకు ఒకడు పార్టీ ఇస్తాడు, అదే ఆరున్నరకి పక్క రూమువాడు అన్నం మానేస్తాడు. మార్కులు ఒకటే, అంచనాలు వేరు. అందుకే "నాకూ అంతే వచ్చింది, నేను ఏడుస్తున్నానా?" అనే ఓదార్పు ఎప్పుడూ పనిచేయదు.

మరి అదుపు ఎక్కడుంది?

నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ ఈ గోలని సర్దిచెప్పే పెద్దమనిషి. చిక్కేంటంటే, మెదడులో ఆలస్యంగా ఎదిగే భాగాల్లో ఇదొకటి. దాదాపు పాతికేళ్ళు వచ్చేదాకా దాని వైరింగ్ పని నడుస్తూనే ఉంటుంది. అంటే ఈ వ్యాసం చదువుతున్న మనలో చాలామందిమి ఇంజన్ పూర్తిగా వచ్చి, బ్రేకులు ఇంకా బిగిస్తున్న బండ్లమే. దానికి తోడు నిద్ర మానేస్తాం. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో, ఒక రాత్రి నిద్ర లేనివాళ్ళకి మనసుని కలవరపెట్టే బొమ్మలు చూపిస్తే, నిద్రపోయినవాళ్ళతో పోలిస్తే వాళ్ళ అమిగ్డాలా 60 శాతం ఎక్కువగా స్పందించింది. ప్రీఫ్రంటల్ భాగంతో దానికుండే సంబంధం కూడా బలహీనపడింది. నైట్ అవుట్ చేసి వైవాకి వెళ్ళడమంటే ఉన్న బ్రేకులు కూడా రూమ్‌లో పెట్టి వెళ్ళడమే.

ఈ పెద్దమనిషి చేత మూడు రకాలుగా పని చేయించవచ్చు.

మొదటిది అణిచిపెట్టడం. మనం "లైట్ తీస్కో" అన్నప్పుడు ఎదుటివాడు చేసేది సరిగ్గా ఇదే. జేమ్స్ గ్రాస్ అనే సైకాలజిస్ట్ కొంతమందికి చూడటానికి ఇబ్బందిగా ఉండే సినిమాలు చూపించి, మొహంలో ఏమీ కనపడనివ్వకండి అన్నాడు. మొహాలు నిజంగానే ప్రశాంతంగా ఉన్నాయి. లోపలి బాధ మాత్రం తగ్గలేదు. పైగా ఒంట్లో అలజడి ఇంకాస్త పెరిగింది. తర్వాతి ప్రయోగాల్లో ఇంకొకటి తేలింది. అలా దాచుకుంటూ కూర్చున్నవాళ్ళకి ఆ సమయంలో చూసిందీ విన్నదీ సరిగ్గా గుర్తుండలేదు. వైవాలో ధీమాగా కనపడటానికే శక్తంతా ఖర్చుపెడితే, ఎగ్జామినర్ అడిగిన ప్రశ్న చెవిలో పడుతుంది కానీ బుర్రకి ఎక్కదు.

రెండోది అర్థం మార్చి చూడటం. గుండె దడ పరీక్షకీ వస్తుంది, సూపర్ ఓవర్‌కీ వస్తుంది. ఒంటికి రెండూ దగ్గరదగ్గరగా ఒకటే. 2014లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు, పాట పాడటం, ఉపన్యాసం ఇవ్వడం, లెక్కలు చేయడం లాంటి పనులకి ముందు కొందరి చేత "నేను ఉత్సాహంగా ఉన్నాను" అనిపించింది. "నేను ప్రశాంతంగా ఉన్నాను" అని తమని తాము నమ్మించుకోబోయినవాళ్ళ కంటే వీళ్ళే మెరుగ్గా చేశారు. ఉరుకుతున్న గుర్రాన్ని ఆపడం కష్టం, దారి మళ్ళించడం కొంత తేలిక.

మూడోది నాకు అన్నిటికంటే నచ్చింది. పేరు పెట్టడం. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం కోపంగా, భయంగా ఉన్న మొహాల ఫొటోలు చూపిస్తూ మెదడుని స్కాన్ చేసింది. ఆ మొహంలో ఉన్న భావానికి సరైన మాట ఎంచుకున్నప్పుడు కుడివైపు ప్రీఫ్రంటల్ భాగం చురుకైంది, అమిగ్డాలా జోరు తగ్గింది. అదే మొహానికి ఒక మనిషి పేరు ఎంచుకోమంటే అలా జరగలేదు. అంటే ఏదో ఒక మాట పడేస్తే సరిపోదు, ఆ భావం పేరే కావాలి.

మన నిఘంటువులో నాలుగే మాటలు

ఇక్కడే నా అసలు ఫిర్యాదు. మన హాస్టల్ నిఘంటువులో ఉద్వేగాలకి ఉన్న మాటలు నాలుగు: టెన్షన్, ఫ్రస్ట్రేషన్, డిప్రెషన్, మూడాఫ్. ఇంటి మీద ధ్యాస మళ్ళినా మూడాఫే, మ్యాచ్ ఓడినా మూడాఫే. బస్సు మిస్సయితే డిప్రెషన్.

ఒక్కసారి ఇంట్లో వాడే మాటలు గుర్తుచేసుకోండి. కొత్తవాళ్ళ ముందు కలిగేది బెరుకు. చేయాల్సిన పని ముందు కాలు వెనక్కి పడితే అది జంకు. ఏది ముందో ఏది వెనకో తోచకపోతే కంగారు. మనకి కావలసిన మనిషి దూరంగా ఉంటే బెంగ. కారణం ఇదీ అని తేలకుండా గుండె మీద బరువు పెట్టినట్టుంటే దిగులు. కోపం వచ్చి, ఏమీ చేయలేక, కళ్ళలో నీళ్ళు తిరిగితే ఉక్రోషం. మనవాళ్ళ మీద మాత్రమే వచ్చేది, వాళ్ళే వచ్చి బుజ్జగిస్తే తప్ప పోనిది అలక. అందరిలో చులకనైతే చిన్నబోవడం.

వీటి గొప్పతనం ఏంటంటే చాలావాటిలో మందు కూడా కలిపి ఉంది. కంగారంటే నెమ్మదించాలి. బెంగంటే ఇంటికి ఫోన్ చేయాలి. అలకంటే ఒకరు దిగి రావాలి. టెన్షన్ అంటే ఏం చేయాలి? టీ తాగాలి, అంతకంటే ఏమీ తోచదు. తమకి కలిగే చేదు భావాలని ఒకదానికొకటి విడదీసి చూడగలిగినవాళ్ళు వాటిని తట్టుకోవడంలో కూడా మెరుగ్గా ఉంటున్నారని లీసా ఫెల్డ్‌మన్ బారెట్ లాంటి పరిశోధకులు చెప్తున్నారు. ఇంగ్లీషులో విడదీసుకున్నా మంచిదే. కానీ అమ్మ ఒళ్ళో నేర్చుకున్న మాట ఉండగా, సగం అర్థమైన మాటతో మన బాధని మనమే సరిగ్గా చదువుకోలేకపోవడం ఎందుకు?

పోయిన సెమ్ రిజల్ట్స్ రోజు నా రూమ్మేట్‌కి ఎం-త్రీ పోయింది. మొదటి బ్యాక్‌లాగ్. నేను వెంటనే అన్నాను, "లైట్ తీస్కో మావా, సప్లీలో కొట్టేద్దువు." వాడు నవ్వాడు. నేను నిజంగానే లైట్ తీసుకుని పడుకున్నాను. మూడు రోజులు వాడు క్లాసుకి వచ్చాడు, మెస్‌కి వచ్చాడు, జోకులకి నవ్వాడు. ఇంటి నుంచి ఫోన్ వస్తే మాత్రం సైలెంట్‌లో పెట్టేవాడు. నాలుగో రాత్రి మెస్ వెనక మెట్ల మీద ఒక్కడే కూర్చుని కనిపించాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "టెన్షన్‌గా ఉందా?" అన్నాను. తల అడ్డంగా ఊపాడు. "సప్లీ అంటే భయమా?" అన్నాను. కాదన్నాడు. ఇంకాసేపటికి, "నాన్న దగ్గర మొహం చెల్లట్లేదు రా" అన్నాడు. మావాడికి ఒక్క బ్యాక్‌లాగ్ కూడా లేదని వాళ్ళ నాన్న ఊళ్ళో అందరికీ చెప్పుకున్నారట.

మొహం చెల్లకపోవడం. ఆ మాట బయటికొచ్చాకే ఏడ్చాడు. నాకు కూడా అప్పుడే అర్థమైంది, నేను ఎం-త్రీ గురించి ఓదారుస్తున్నానని, వాడు నాన్న గురించి బాధపడుతున్నాడని. అర్ధరాత్రి దాటాక కూడా వాళ్ళ నాన్నకి ఫోన్ చేశాడు. అవతల ఆయన ఏమన్నారో నాకు తెలీదు. వీడు మాత్రం "ఆఁ... ఆఁ... తిన్నాను నాన్నా" అంటున్నాడు. మూడు రోజులుగా నేనిచ్చిన ధైర్యం చేయలేని పని ఆ ఒక్క మాట చేసింది. పక్కన మనిషి ఉండటం కూడా చేసిందేమో. 2006లో జేమ్స్ కోన్ చేసిన ప్రయోగంలో, కరెంట్ షాక్ తగలబోతోందని తెలిసిన ఆడవాళ్ళు భర్త చెయ్యి పట్టుకున్నప్పుడు మెదడులో ఆ బెదురు తాలూకు స్పందన తగ్గింది. కొత్తవాళ్ళ చెయ్యి కూడా కొంత పనిచేసింది.

"మా తాతలు ఇవన్నీ తెలీకుండానే బతికారు కదా?" అని అడిగేవాళ్ళున్నారు. బతికారు. వాళ్ళకి అరుగులున్నాయి, అరుగు మీద పదిమంది ఉన్నారు, ఎవరైనా పోతే శోకాలు పెట్టి ఏడ్చే వీలుంది. మనకి ఇయర్‌ఫోన్స్ ఉన్నాయి. "పేరు పెడితే బ్యాక్‌లాగ్ పోతుందా?" అని ఇంకో ప్రశ్న. పోదు. పుస్తకం తీసి చదివితేనే పోతుంది. కానీ చదవడానికి కూర్చోగలగాలి కదా. అణచుకోవడం ఎప్పుడూ తప్పేనా అంటే అదీ కాదు. బండి నడుపుతున్నప్పుడు, ఎవరికైనా దెబ్బ తగిలి మనం ఆస్పత్రికి తీసుకెళ్తున్నప్పుడు ఆ కాసేపు అణచుకోవాల్సిందే. దాన్నే బతుకంతా అలవాటు చేసుకోవద్దంటున్నాను.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. అసలైన డిప్రెషన్ ఒక జబ్బు. వారాల తరబడి నిద్ర, తిండి, దేని మీదా ఆసక్తి లేకపోతే, బతకాలనిపించకపోతే, అప్పుడు తెలుగు మాటలూ మెట్ల మీద కబుర్లూ సరిపోవు. డాక్టరు కావాలి. 2022లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. ఏ వేళలోనైనా ఉచితంగా, తెలుగులో మాట్లాడొచ్చు. ఫోన్‌లో సేవ్ చేసుకోండి. మనకి అక్కర్లేకపోయినా పక్క మంచం మీదున్నవాడికి కావాల్సి రావచ్చు.

వచ్చే నెలలో మళ్ళీ ఎక్స్‌టర్నల్స్. అదే కారిడార్, అదే చెమట. నేనూ ఆ లైన్‌లోనే నిలబడతాను, రికార్డు అట్ట మెత్తబడుతూ ఉంటుంది. ఈసారి నా ముందున్నవాడు వెనక్కి తిరిగి "మావా, ఏదోలా ఉంది రా" అంటే, లైట్ తీస్కో అనను. "ఏదోలా అంటే? కంగారా, జంకా, నిన్న చదవనందుకు సిగ్గా?" అని అడుగుతాను. వాడు తిట్టుకుంటూనే ఒక్క క్షణం ఆలోచిస్తాడు చూడండి, నాకు కావలసింది ఆ క్షణమే.